గుడి దాటి కట్ట వరకు

ములుగు జిల్లా పాలంపేటకు వచ్చు యాత్రికులలో పెక్కుమంది రుద్రేశ్వరాలయమును దర్శించి, రంగమంటపపు నల్లరాతి స్తంభముల నునుపును వ్రేలితో తడవి చూచి, చూరుక్రింద ఒయ్యారముగ నిలిచిన మదనికల సొంపునకు విస్మయపడి, శిఖరమునకు వాడిన ఇటుకలు నీట తేలునన్న ముచ్చటను విని, నాలుగు ఛాయాచిత్రములు తీసికొని, ప్రొద్దు నడినెత్తికి రాకమునుపే వరంగల్లు త్రోవ పట్టుదురు. ఆ గుడికి కిలోమీటరు దూరముననే, కొండల నడుమ నిలిచి, నేటికిని వేల ఎకరములకు నీరిచ్చుచున్న కాకతీయుల నాటి చెరువు ఒకటి కలదని వారిలో కొందరికి తెలియనే తెలియదు. తెలిసినవారికిని అది గుడి చూచిన పిమ్మట ప్రొద్దు మిగిలినచో చూడదగిన వింతగానే తోచును. ఈ క్రమము సరియైనది కాదని మా అభిప్రాయము. చెరువు లేనిదే ఊరు లేదు, ఊరు లేనిదే గుడిలో దీపము లేదు. కనుక పాలంపేటను తెలిసికొనగోరువారు మొదట కట్టమీదికి నడిచి, వీలైనచో పడవ యెక్కి నీటి నడుమ కొంతసేపుండి, అటుపిమ్మట గుడికి రావలెనని మా మనవి.

ఈ మనవి వట్టి చెరువుమీది మక్కువతో చేయుచున్నది కాదు. 2021 జూలై 25న, ఫుజౌ నగరము వేదికగా జరిగిన 44వ సమావేశములలో ప్రపంచ వారసత్వ సమితి ఈ ఆలయమును తన పట్టికలో చేర్చుకొన్నప్పుడు, ఆలయవర్ణనములోనే కొండపాదమున నున్న అడవికిని, పంటపొలములకును, రామప్ప చెరువునకును చోటు దొరకినది. దేవాలయమనునది కొండలు, వనములు, సెలయేళ్ళు, సరస్సులు, వాననీరు వచ్చి చేరు పల్లములు, సేద్యపు భూములు, వీనియన్నింటితో కలిసి ఒక్క అంగముగ నుండవలెనన్న పూర్వుల దృష్టికి ఈ స్థలము నిదర్శనమని ఆ సమితి భావించినది. గణపతిదేవ చక్రవర్తి సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో ఈ దేవుని ప్రతిష్ఠించి శాసనము వేయించెను. శిల్పి పేరనే గుడికి రామప్ప గుడియను వాడుక వచ్చినదని లోకులు చెప్పుదురు. ఆ పేరే చెరువునకును నిలిచినది. ఏలిన చక్రవర్తి పేరును, కట్టించిన సేనాని పేరును చరిత్ర చదివినవారి నోట మాత్రమే వినబడుచుండగా, పనిచేసిన వానిదిగా జనులు తలచిన పేరు గుడికిని నీటికిని కలిసి అతుకుకొనుట మాకెంతయు ప్రీతిని కలిగించు విషయము.

గుడి దాటి చెరువు వైపు సాగిన కొలదిసేపటికే పొలముల పచ్చదనము తరిగి, త్రోవ మెల్లమెల్లగ మిట్టకెక్కును. అది కొండ కాదు, కట్ట. పైకి చేరినవానికి ఒక్కసారిగా నీరు కనుపించును. మూడు వైపుల అడవి మూసిన గుట్టలు, నాలుగవ వైపు తాను నిలిచిన మట్టికట్ట. ప్రకృతి మూడు గోడలు లేపి ఒకటి విడిచిపెట్టగా, ఆ విడిచినదానిని మానవుడు గుర్తించి, అచ్చటనే, అంతమేరకే, తన శ్రమను పెట్టినాడు. కాకతీయుల చెరువుల ఘనతయంతయు ఈ గుర్తింపులోనే యున్నది. ఎక్కడనో నేల త్రవ్వి గొయ్యి చేసి నీరు నింపుట వారి పద్ధతి కాదు. వాగు ఎటు పారునో, ఎచ్చట రెండు మిట్టలు దగ్గరగ వచ్చునో, ఆ సందున కట్ట వేసినచో ఎంతదూరము నీరు వెనుకకు తన్నుకొని నిలుచునో, ఏ దిక్కున మత్తడి విడిచిన మిగులునీరు క్రింది చెరువునకు చేరునో కన్నుతోనే కొలిచి, ఒకదానిక్రింద ఒకటిగ గొలుసుకట్టు చెరువులను అమర్చినారు. మీది చెరువు నిండి పొరలిన నీరే క్రింది చెరువునకు ఆదాయము.

ఆనాడు చెరువు కట్టించుట సప్తసంతానములలో ఒకటి. కుమారుడు, కృతి, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము, వీనితోపాటు తటాకమును లెక్కించి, మనిషి పోయిన తరువాతను అతని పేరు నిలుపునవి ఇవియేయని నమ్మిన సమాజమది. అందుచేత చెరువులు కట్టించుట రాజొక్కని పని కాలేదు. మంత్రులు, సేనానులు, రాజకుటుంబపు స్త్రీలు పోటీపడి కట్టించిరి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు కట్టించి, అచ్చట వేయించిన శాసనములో కాకతీయుల వంశక్రమమును చెప్పించినది. చరిత్రకారులు నేటికిని ఆ చెరువుకట్టపై శాసనమునకు ఋణపడియున్నారు. నర్సంపేటకు తూర్పున పాకాల చెరువును మంత్రి కుమారుడగు జగదాల ముమ్మడి కట్టించెను. సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో, దట్టమైన అడవి నడుమ, మైలు పొడవు కట్టతో నిలిచిన ఆ పాకాల ఒక చెరువన్న మాట కట్టమీద నిలిచినవానికి నమ్మశక్యము కాదు. పాకాల వాగే క్రిందికి పారి మున్నేరై కృష్ణను చేరును. గోవిందరావుపేట వద్ద లక్నవరము ఇంకొకటి. గుట్టల నడుమ నీరు నిండగా మునుగక మిగిలిన తిప్పలన్నియు దీవులైనవి.

చెరువు కట్టుట ఎంతటి విద్యయో తెలియగోరువారు కాకతీయ సీమ దాటి కడప జిల్లా పోరుమామిళ్ళ వరకు పోవలెను. అచ్చటి పెద్ద చెరువును విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించి 1369లో శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని ఆ రాతిమీదనే చెప్పియున్నది. అంతకన్న విలువైన విషయము మరియొకటి ఆ రాతిమీద కలదు: మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, విడువవలసిన ఆరు దోషములను వరుసగ చెప్పినారు. ధర్మబుద్ధియు, సంపదయు, కీర్తికాంక్షయు గల ప్రభువు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టిమన్ను గల నేల, మూడు యోజనముల దూరమునుండి తియ్యనినీరు తెచ్చు వాగు, దానిని ఆనుకొన్న కొండకొమ్ములు, ఆ కొమ్ముల నడుమ మరీ పొడవు కాక గట్టిరాతితో బిగిసిన కట్ట, పంటభూమికి పెడగా నున్న ఆ కట్ట కొనలు, విశాలమై లోతైన గర్భము, నిడుపైన తిన్నని రాళ్ళు దొరకు గని, దాపున చదునైన సారవంతపు పొలము, సుడులు తిరుగు ప్రవాహము, పని తెలిసిన జనము. దోషములందురా, కట్టనుండి నీరు కారుట, చౌడునేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ తాబేటివీపు వంటి మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువగుట. ఆరువందల యేబది యేండ్ల క్రిందటి ఈ జాబితాను నేటి నీటిపారుదల ఇంజనీరు చేత పెట్టినను అతడు కొట్టివేయదగిన మాట ఒక్కటియు దొరకదని మేము ధైర్యముగ చెప్పగలము. రెండు రాజ్యముల పొలిమేర దోషమని చెప్పిన ఆ ఒక్క మాటలో నదీజలముల తగవులన్నియు ఇమిడియున్నవి కదా!

ఇంతటి విద్యతో నిలిపిన నీటిని పొలమునకు చేర్చు ద్వారము తూము. పాతకాలపు తూమును దగ్గరగ చూచుట ఒక పాఠము. కట్టకు లోపలివైపు, నీటినడుమ, రెండు రాతిస్తంభములు నిలిచియుండును. వానిని కలుపుచు అడ్డముగ రాతిపట్టెలు. ఆ పట్టెలలోని రంధ్రముల గుండ దిగిన నిడుపుపాటి కొయ్య, దాని అడుగున నేలమట్టపు కన్నమును మూయు బిరడా. ఆ కొయ్యను జానెడు పైకెత్తిన కట్టక్రింది కాలువలో నీరు పరుగెత్తును. ఎత్తవలసినవాడు నీరటి. ఏ పొలమునకు ఎన్ని గంటలు, ఏ మడికి ముందు, ఏ మడికి పిదప, చివరి మడివాని వంతు రాకముందే మొదటివాడు రెండవమారు తడుపరాదన్న కట్టుబాటు ఎట్లు నిలుపవలెనో నీరటికి తెలియును. చెరువులో నీరు చాలని యేడు ఆయకట్టులో కొంతభాగమునకే నాట్లు వేయవలెనని ఊరివారు కూర్చుండి నిర్ణయించుకొనుటయు, తూములు, కట్టలు కాపాడువారికి దశబంధ మాన్యములు ఇచ్చుటయు పూర్వపు ఏర్పాటులే. చెరువును చక్కబెట్టువానికి ఆ చెరువు క్రిందనే భూమినిచ్చిన యెడల అతడు దానిని ప్రాణముతో సమానముగ చూచుకొనునన్న యెరుక ఆ ఏర్పాటులో నున్నది.

తూమునకు తోబుట్టువు మత్తడి. నిండిన చెరువు కట్టమీదుగ పొరలిన యెడల కట్ట మిగులదు; అందువలన ఒక కొసన రాతితో కట్టిన మత్తడి, కట్టకన్న తక్కువ ఎత్తున, మిగులునీటికి త్రోవ చూపును. వానాకాలమున ఏ ఊరిలోనైనను ‘మత్తడి దుంకుతున్నదట’ అన్న మాట వినబడినచో పిల్లలు, పెద్దలు పనులు విడిచి చూడబోవుట తెలంగాణమున నేటికిని కలదు. పండుగకన్న ముందు వచ్చు పండుగ అది. కాని ఆ సంబరము వెనుక భయమును దాగియుండును. 2023 జూలై నెలాఖరున, ఒక్క దినములో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. అది రామప్పకు పొరుగుననే. ఆ వానకే భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లె ఊరంతయు నీట మునిగినది. అట్టి దినమున కట్టకు బుంగ పడినదన్న వార్త రాకుండుటయే ఊరివారి ప్రార్థన. ఆకాశము అంత నీరు వంపునని ఎనిమిదివందల యేండ్ల క్రిందటి పనివారు లెక్కవేసిరో లేదో మనకు తెలియదు గాని, మిగులునీటికి త్రోవ విడువని కట్ట నిలువదని వారికి చక్కగ తెలియును. విహారమునకు వచ్చువారు మత్తడిపైకి దిగి ఫోటోలు తీసికొనుట చూచినప్పుడెల్ల మాకు గుండె గుబేలుమనును.

రాజుల కీర్తినే పాడుచు పోవుట న్యాయము కాదు. ఈ సీమలోనే, తాడ్వాయి అడవులలో, మేడారమున్నది. కరవుకాలమున పన్ను కట్టజాలని కోయలపైకి కాకతీయసేన వచ్చినదని, సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగవాగున ప్రాణము విడిచినందున అది జంపన్నవాగైనదని, అడవిబిడ్డలు తరతరములుగ చెప్పుకొనుచు, రెండేండ్లకొకమారు లక్షలాదిగ కూడి ఆ తల్లులను కొలుచుచున్నారు. చెరువులు కట్టించిన వంశమే ఆ కథలో పన్నులకై వచ్చిన వంశము. రామప్ప కట్టమీద నిలిచి నీటి అందమును మెచ్చుకొనువాడు ఈ రెండవ కథను కూడ మనసున నుంచుకొనవలెను. నీరు ఎవరి శ్రమతో నిలిచినదో, ఎవరి పొలమునకు చేరినదో, ఎవరికి అందకపోయినదో అడుగని ప్రశంస సగము ప్రశంసయే.

చెరువు పల్లెకు పనిచోటు మాత్రమే కాదు, ఆటచోటు కూడ. పడవల టిక్కెట్లు రాకముందే జలవిహారము అచ్చట కలదు. ఎండాకాలపు సెలవులలో పల్లెపిల్లలు నడుమునకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకొని ఈత నేర్చుకొన్నది ఈ నీటిలోనే. బర్రెల వీపుపై నెక్కి నడిచెరువు వరకు పోయివచ్చినది ఈ నీటిలోనే. భాద్రపదము ముగిసి తంగేడు, గునుగు పూచిన వెంటనే ఆడపడుచులు పేర్చిన బతుకమ్మలు, సద్దులనాటి సాయంకాలము, ఊరేగి ఈ నీటినే చేరును. నీరు నిండి, తీరమున పూవులు నిండి, పంట కంకికి వచ్చు వేళకు ఆ పండుగ వచ్చుట కాకతాళీయము కాదు. చెరువు నిండనియేడు బతుకమ్మ పాటలోను వెలితి యుండును. కట్టమీద వేపచెట్టు క్రింద కట్టమైసమ్మ. నాట్లకు ముందు, చేపలు పట్టుటకు ముందు, ఆమెకు మొక్కు చెల్లింపనిదే పని మొదలుపెట్టరు. కట్టకు కావలికాయు తల్లి కట్టమీదనే యుండుట ఎంతయు ఉచితము.

ఇక చేపలు. ఈ చెరువులపై బ్రదుకు మత్స్యకార కుటుంబములు సహకార సంఘములుగ ఏర్పడి, వానాకాలమున బొచ్చె, రవ్వ పిల్లలను విడిచి, ఎండాకాలమున పట్టుకొందురు; కొర్రమీను దొరికిననాడు ఆ ఇంట పండుగ. వారి నావను చూడని పట్టణవాసి దానిని నావయని ఒప్పుకొనడు. థర్మకోల్ దిమ్మెలను రెండుమూడు చేర్చి, పైన పాత వల చుట్టి, తాళ్ళతో బిగించిన తెప్ప అది. దానిపై బాసిపట్టు వేసికొని కూర్చుండి, రెండు చేతులలో రెండు చిన్న కొయ్యపలకలు పట్టుకొని, ఇటునటు నీటిని వెనుకకు త్రోయుచు, తెల్లవారుజామున వల ఎత్తుటకు పోవువాని నేర్పు చూడదగినది. వల ఎత్తునప్పుడు పలకలను మోకాళ్ళక్రింద నొక్కిపెట్టి, రెండు చేతులను ఖాళీ చేసికొనును. ఒడ్డుననుండి చూచువారికి మనిషి నీటిమీద కూర్చుండి జారిపోవుచున్నట్లే యుండును. కృష్ణపై వెదురుతో అల్లిన పుట్టి, కొల్లేటిపై తాటిమాను తొలిచిన దోనె ఎట్లో, ఈ చెరువులపై ఈ తెప్ప అట్లు. ఆ ఆ నీటి స్వభావమునుండి, చేతికి దొరకిన వస్తువునుండి పుట్టిన వాహనములివి.

పర్యాటక శాఖ పడవలు వచ్చిన తరువాత ఈ చెరువులకు క్రొత్త జనము వచ్చినది. లక్నవరమున దీవులను కలుపుచు కట్టిన వ్రేలాడు వంతెన మీద ఆదివారము కాలు పెట్ట సందుండదు. రామప్ప వద్దను వసతిగృహములు, పడవలు ఏర్పడినవి. వికారాబాదు జిల్లాలో సేద్యమునకై కట్టిన కోటుపల్లి జలాశయము కొన్నియేండ్లలోనే కయాకు పడవలకు పేరుపొంది, హైదరాబాదు యువతీయువకులకు పరిచితమైనది. జనము రావలసినదే. ఊరివారికి నాలుగు రూపాయలు రావలసినదే. చెరువును చూడని తరము చెరువును కాపాడదు. కనుక పట్టణపు బిడ్డను నీటిపైకి తెచ్చు ప్రతి యత్నమును మేము ఆహ్వానింతుము. అయితే ఏ పడవమీద తేవలెనన్న ప్రశ్న ఒకటి మిగులును. దానికి మా సమాధానము స్పష్టము: పల్లెచెరువునకు తెడ్డు చాలును, మోటారు వలదు.

ఇందుకు కారణములు ఊహలనుండి కాక చెరువు నిర్మాణమునుండియే వచ్చినవి. కట్టదగ్గర లోతెక్కువ, ఎదుటి ఒడ్డునకు పోవుకొలది నీరు పలుచబడి, జానెడై, తుదకు తడినేలగా ముగియును. ఆ పలుచని నీటి అంచే చెరువు ప్రాణము. తుంగ, తామర, నాచు మొలచునది అచ్చట. చేపపిల్లలు దాగునది అచ్చట. పక్షులు మేయునది, గూళ్ళు కట్టునది అచ్చట. పొడుగు వ్రేళ్ళతో తామరాకులపై మునుగక నడచు నీటికోడి, మోడుమీద రెక్కలు చాచి ఆరబెట్టుకొను నీటికాకి, గాలిలో ఒక్కచోట నిలిచి చటుక్కున దూకు లకుముకిపిట్ట, మోకాటిలోతు నీట కదలక నిలిచిన కొంగ, ఇవన్నియు ఆ అంచును నమ్ముకొన్నవే. నీటిమొక్కలపై తేలుచుండు గూళ్ళను వేగముగ పోవు మోటారుపడవ లేపిన అల తిరుగవేయుటకు నిమిషము పట్టదు. ఆ అలయే కట్టకు లోపలివైపు రాతిపరపు సందులలోని మన్నును దినదినము నాకివేయును. మరచుట్టు వలలను కోయును, చమురు నీటిపై పరచుకొనును. అన్నింటికిని మించి దాని రొద. అడవినడుమ చెరువునకు మనిషి వచ్చునది రొద వినుటకు కాదు గదా. పాకాల చుట్టు 1950ల తొలి సంవత్సరములనుండియు అభయారణ్యమున్నది; అచ్చటి నీటిలో మొసళ్ళు, ఒడ్డున కొండచిలువలు కలవు. అట్టి చోట మానవుడు అతిథి. అతిథి గొంతు తగ్గించుకొని మాటలాడుట మన మర్యాద.

తెడ్డుపడవ వేరు. మొదట ఎక్కినవానికి అది చెప్పినమాట వినదు. కుడివైపు వేసిన ఎడమకు తిరుగును, ఎడమవైపు వేసిన కుడికి తిరుగును. ముందు కూర్చున్నవాడు, వెనుక కూర్చున్నవాడు ఒకరినొకరు నిందించుకొందురు. కొంతసేపటికి చేతికి బుద్ధి వచ్చును. తెడ్డు రెక్కను ముందుకు చాచి నీటిలో నిలువుగ దించి, భుజముతో కాక నడుముతో లాగి, తుంటిని దాటకమునుపే పైకెత్తినచో పడవ చక్కగ సాగునని శరీరమే గ్రహించును. ఇద్దరి తెడ్లు ఒక్కసారి పడి ఒక్కసారి లేచిన క్షణమునుండి మాటలాగిపోవును. అప్పుడు వినవలసినవి వినబడును: గుట్టమీది నెమలి కేక, తామరాకుల అడుగున ఏదియో మెదలిన చప్పుడు, కట్ట అవతల పొలములో ఎవరినో పిలుచుచున్న గొంతు. కనవలసినవి కనబడును: నీటిలో మునిగి ఎండి నిలిచిన చెట్ల మోడులు, ఒడ్డుబురదపై రాత్రి నీళ్ళకు వచ్చిన మెకముల అడుగులు, నిరుటి మట్టమును తెలుపుచు రాళ్ళపై మిగిలిన తెల్లని చార. నాచు తెడ్డునకు చుట్టుకొన్నచోట నీరు పలుచబడినదని తెలియును. అంతకు మించి పోరాదని ఎవరును చెప్పనక్కరలేదు. మధ్యాహ్నపు గాలి ఎదురైనప్పుడు తిరుగుదారి ఎంత దూరమో భుజములు చెప్పును. చెరువు పెద్దదనము కొలతలో గాక ఒంటిలో తెలియుట ఇందువలననే సాధ్యము.

నీటిమీద భద్రత సంగతి తేలికగ తీసికొనరాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన విహారనౌకను తెలుగువారు మరువజాలరు. నలుబదిమందికి మించి ప్రాణములు కోల్పోయినారు. చెరువు నదివలె సుడులు తిరుగకున్నను, తూము దగ్గర నీటి లాగుడు, మత్తడి దగ్గర పాచి, పూడిక తీసినచోట కంటికానని లోతు, ఇవి ఈతగానిని కూడ మింగగలవు. రక్షణకవచము తొడుగనివానిని పడవయెక్కనీయరాదు. మద్యము సేవించినవానిని రేవు దరికి రానీయరాదు. మత్తడి పారుచున్నన్ని దినములు పడవలను ఒడ్డున కట్టివేయవలెను. ఈ మూడింటిలో మినహాయింపు కోరువాడు ఎంతటి పెద్దమనిషియైనను కాదనగల ధైర్యము రేవులో నిలిచిన కుర్రవానికుండవలెను. ఆ ధైర్యమును ఊరు అతనికీయవలెను.

చెరువునకు నిజమైన శత్రువులు పడవలకన్న పాతవి. ఏటేట వానతో వచ్చు మన్ను గర్భమును నింపును; నీరు తగ్గిన శిఖము నేలలో మొదట పుచ్చతీగ వచ్చును, తరువాత వరిమడి వచ్చును, ఆ తరువాత కంచె వచ్చును. గుర్రపుడెక్క అల్లుకొన్నచోట వెలుతురు అడుగునకు దిగదు. 2015 మార్చి 12న కామారెడ్డి ప్రాంతపు సదాశివనగర్ పాతచెరువు వద్ద తెలంగాణ ప్రభుత్వము మొదలుపెట్టిన మిషన్ కాకతీయ, 46 వేలకు పైబడిన చెరువులను పునరుద్ధరింపదలచినది. తీసిన ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో తమ చెలకలకు తోలుకొనుట ఆ పనిలోని మేలైన అంశము. చెరువు అడుగు చేను పైపొరగుట మన పెద్దల వ్యవసాయములో ఎన్నడును ఉన్నదే. అయితే పూడిక ఒకమారు తీసినంత మాత్రమున తీరునది కాదు. మీది గుట్టలపై చెట్టు నిలువనంతకాలము మన్ను దిగుచునేయుండును. దీనికి తోడు క్రొత్త పూడిక ఒకటి వచ్చినది. ఆదివారపు జనము విడిచిన ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యాని పొట్లములు, పగిలిన సీసాలు కట్టవాలున జారి, నీటిని చేరి, తూము నోట చిక్కుకొనుచున్నవి. తూము నోటికి అడ్డుపడిన సంచిని నడుములోతు నీట దిగి చేతితో లాగవలసినది నీరటియే. గాజుపెంకు గ్రుచ్చుకొనునది అతని కాలికే.

కావున విహారము చెరువునకు భారము కాక సాయము కావలెనన్నచో చేయవలసిన ఏర్పాటు పెద్దదేమియు కాదు. దానికి పాత దశబంధమే మాతృక. పడవ టిక్కెట్టు వెలలో నిర్ణీతభాగము రెండుగ విడదీసి, ఒకటి మత్స్యకారుల సంఘమునకు, ఒకటి కట్టయు తూమును చక్కబెట్టుటకు ఆ చెరువు ఖాతాలోనే జమచేయవలెను. పడవలు నడుపుట ఆ ఊరి యువకులకే, యువతులకే అప్పగింపవలెను. వలలు వేసిన నీటికిని, పక్షులు గూడుకట్టిన తుంగకును వెదురుగడలు పాతి హద్దు చూపవలెను. తూము స్తంభముపై ఒక గీత గీసి, నీరు ఆ గీతకు దిగినపుడు పడవలు ఆపి, ఉన్న నీరంతయు యాసంగి మడులకే విడువవలెను. ఆ గీత ఎచ్చట గీయవలెనో పర్యాటక శాఖ కాక ఆయకట్టు రైతులు నిర్ణయింపవలెను. రేవు వద్ద ఒక నల్లబల్ల నిలిపి, నేటి నీటిమట్టము, తూము తెరచు వేళ, వలలున్న దిక్కు, ఈ వారము కనుపించిన పక్షుల పేర్లు ప్రతి ఉదయము సుద్దతో వ్రాయింపవలెను. పాలంపేట బడిపిల్లలు బడికి పోవుటకు ముందే ఆ పని చేసిపోగలరు.